పాడకమ్మా, విను

నాకు మంచి శబ్దం పిచ్చి. పిచ్చి అని ఇప్పుడంటున్నాను గానీ, ఆ రోజుల్లో ఎవరైనా ఆ మాటంటే నాకు ఒళ్ళు మండేది. మన్యం కొండల్లో ఉన్న చింతపల్లిలో హైస్కూలు పిల్లలకి ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. మాది మైదానం, విజయనగరం వైపు. అద్దెకి తీసుకున్న రెండు గదుల్లో ఒకటి మొత్తం కంప్యూటరుకీ, ఆంప్లిఫయరుకీ, నిలువెత్తు స్పీకర్లు రెండింటికీ ఇచ్చేశాను. రెండో గదిలో నేనూ, వంటసామానూ ఎలాగో సర్దుకున్నాం.

కంప్యూటర్లోంచి వచ్చే పాట గురించి మాలాంటి వాళ్ళకి ఉన్నన్ని అభిప్రాయాలు రాజకీయాల మీద కూడా ఎవరికీ ఉండవు. ఫోన్లో మాకొక గ్రూపుండేది. అందులో ఎంపీత్రీ పేరెత్తినవాణ్ణి మనిషిగా చూసేవాళ్ళం కాదు. వైఫై ఆపేస్తే గాత్రం రెండడుగులు ముందుకొస్తుందని ఒకడంటాడు. యూఎస్‌బీ వైరు మారిస్తే వీణ తీగ కంటికి కనబడుతుందని ఇంకొకడు. తిరిగే హార్డ్‌డిస్కు కరెంటులోకి రొద వదులుతుందని ఒక పెద్దమనిషి రాస్తే, ఆ వారమే నా పాత డిస్కు వదిలించుకుని, లోపల ఏదీ తిరగని ఎస్‌ఎస్‌డీలు రెండు తెచ్చుకున్నాను. కొలిచి చూడందే ఏదీ నమ్మొద్దని పొద్దున పిల్లలకి బోర్డు మీద రాసేవాణ్ణి. సాయంత్రం ఇంటికొచ్చి కొలవనివన్నీ నమ్మేవాణ్ణి.

అన్నిటికన్నా గట్టిగా నమ్మింది, కరెంటు ఒక్కసారిగా ఎగిస్తే సామాన్లని కాపాడే స్పైక్ గార్డు సంగతి. అదీ, యూపీఎస్సూ కరెంటుని పిండేసి పాట గొంతు నొక్కుతాయనీ, అన్నీ తిన్నగా గోడ ప్లగ్గులో పెడితేనే శబ్దం విచ్చుకుంటుందనీ గ్రూపులో తేల్చారు. ఒక ఆదివారం రెండూ పీకేసి మూల పడేశాను. నిజంగానే తేడా ఉన్నట్టనిపించింది. అదే రాస్తే అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. కొండల్లో ఉరుములెలా ఉంటాయో తెలిసినవాడు గ్రూపులో నేనొక్కణ్ణే.

మా బళ్ళో మధ్యాహ్నం భోజనం వండే ఆవిడ కొండ మీది ఊరి మనిషి. వాళ్ళమ్మ బాగా పాడుతుందని ఒకసారి మాటల్లో అంది. రికార్డరు పట్టుకుని, జీపెక్కి, ఆ పైన గంట నడిచి వాళ్ళింటికి వెళ్ళాను. ముసలామె అరుగు మీద కూర్చుని కత్తితో చింతపండు పిక్కలు తీస్తోంది. కత్తి చప్పుడు పడుతుంది, పక్కన పెట్టమంటే పెట్టలేదు. అలాగే పిక్కలు తీస్తూ వాళ్ళ భాషలో పాడింది. ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు వాళ్ళింట్లో పాడే పాట అది. తల్లి నుంచి తల్లికి వచ్చింది. ముసలామెకి తప్ప ఇంకెవరికీ పూర్తిగా రాదు. కూతురికి మొదటి రెండు పాదాలు వచ్చు, అంతే. ఆ రికార్డింగు కంప్యూటర్లోకి ఎక్కించుకుని రోజూ వినేవాణ్ణి.

ఆ చలికాలం ముసలామె దగ్గు ముదిరి, ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే పోయింది.

నెల తిరక్కుండా కూతురు బడి వంటశాల దగ్గర నన్ను ఆపింది. తడి చేతులు చీరకి తుడుచుకుని ఫోను నా ముందుకి చాపింది.

“సారూ, అమ్మ పాట నా ఫోన్లో ఎయ్యి. ఎండల్లో గుంట పెళ్ళి. ఈలోపు నేర్సుకుంటాను.”

ఇక్కడివాళ్ళు కూతుర్ని గుంటంటారు, ఎంత గౌరవం ఉన్నా ఎదుటివాళ్ళని నువ్వనే అంటారు. ఆ పిలుపు నాకిష్టం. కానీ ఆ ఫోను చూస్తే నాకు కంపరమెత్తింది. పగిలిన అద్దం, అగ్గిపుల్ల తలంత స్పీకరు.

“ఇందులో వేస్తే పాట చచ్చిపోతుందమ్మా. మీ అమ్మ గొంతు సగం కూడా వినపడదు. ఆదివారాలు మా ఇంటికి రా, అసలు శబ్దం వినిపిస్తాను.”

“సగవైనా సాలు సారూ.”

“నీకు తెలీదమ్మా,” అన్నాను. తెలిసినవాణ్ణి నేను కదా!

మూడు ఆదివారాలు వచ్చింది. కొండ దిగి, జీపులో కిక్కిరిసి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పి నేల మీద కూర్చోబోతే, లేపి రెండు స్పీకర్లకీ సరిగ్గా నడుమ కుర్చీలో కూర్చోబెట్టాను. తల కదపొద్దన్నాను. మొదటిసారి వాళ్ళమ్మ గొంతు వినగానే కళ్ళనీళ్ళు కారిపోయాయి. నాకు చెప్పలేనంత గర్వమేసింది. ఆ ఏడుపంతా నా స్పీకర్ల గొప్పతనమే అనుకున్నాను.

రెండో ఆదివారం ఆవిడ పాటతోపాటు సన్నగా గొంతు కలిపింది. వెంటనే ఆపేశాను.

“పాడకమ్మా, విను. నీ గొంతు కలిస్తే ఆవిడ గొంతు చెడిపోతుంది.”

నోరు మూసుకుంది. మూడో ఆదివారం పెదాలు మాత్రం కదులుతున్నాయి, చప్పుడు లేదు. ఎంతవరకు వచ్చిందని నేను అడగలేదు. ఆ తర్వాత మిరియాల కోతల్లో పడి రావడం మానేసింది. పాట ఎక్కడికి పోతుంది, నా దగ్గరే ఉందిగా అనుకున్నాను.

వేసవి సెలవులకి ఇంకా వారముంది. మధ్యాహ్నం బళ్ళో పేపర్లు దిద్దుతుంటే మబ్బు కమ్మి, కిటికీలు అదిరేలా పిడుగు పడింది. ఇంటికొచ్చి తలుపు తీసేసరికి కాలిన ప్లాస్టిక్కు వాసన ముక్కుకి కొట్టింది. పక్కింటివాళ్ళ ఫ్రిజ్జు స్టెబిలైజరు పుణ్యమా అని బతికింది. నా గదిలో ఏదీ బతకలేదు. ఎస్‌ఎస్‌డీలు రెండూ ఆ కంప్యూటరుకే తగిలించి ఉన్నాయి. ఒకటి పోతే ఇంకొకటుంటుందని రెండింట్లో దాచాను, మళ్ళీ ఆ రెండిటినీ ఒకే గోడ ప్లగ్గుకి కట్టేశాను. రికార్డరు కార్డు మీద కిందటి వానాకాలం పట్టిన వాగు చప్పుడుంది. దానికి చోటు చాలక పాటని నా చేత్తోనే చెరిపేశాను.

సెలవులివ్వగానే ఎస్‌ఎస్‌డీలు రెండూ విశాఖపట్నం తీసుకెళ్ళాను. రిపేరు అతను మూత విప్పి, చిప్పు మీద నల్లమచ్చ చూపించి, ఇందులో ఇంకేం లేదండీ అన్నాడు. బస్సులో తిరిగొస్తూ ఆవిడకేం చెప్పాలో కూడబలుక్కున్నాను. తీరా వచ్చాక చెప్పడానికి దమ్ము లేక, సెలవులు గదా అని గదిలో దాక్కున్నాను. సిగ్గుమాలినతనం, ఇంకో పేరు లేదు దానికి.

పెళ్ళి నాలుగు రోజులుందనగా ఆవిడే వచ్చింది. గుమ్మంలోనే జరిగిందంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. సామాన్లు తీసేసిన ఖాళీ గదిలోకి చూసింది.

“పోనీలే సారూ. నువ్వు రోజూ ఇన్నావు గదా. నువ్వు సెప్పు, నాను నేర్సుకుంటాను.”

నేల మీద కూర్చుంది. ఈసారి నేను లేపలేదు.

నాకా పాట ఎంత తెలుసో నాకే తెలియాలి. ముసలామె ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుందో తెలుసు. ఎడమ స్పీకర్లో కత్తి ఎన్నిసార్లు గీరుకుంటుందో, అరుగు కింద కోడి ఎప్పుడు రెక్కలు దులుపుతుందో తెలుసు. అవే చెప్పడం మొదలుపెట్టాను. రాగం కూనిరాగంలా తీశాను.

“అది కాదు సారూ. మాట సెప్పు. మూడోదాంట్లో అమ్మ ఏటంటాది?”

నాకు ఒక్క మాట రాదు. అన్ని నెలలు రోజూ విని, అర్థం మాట అటుంచి, ఒక్క పదం పట్టుకోలేదు. ఆ సంగతి ఆవిడ ముందు కూర్చునేదాకా నాకు తట్టనైనా లేదు. తెలీదమ్మా అన్నాను. ఆవిడ లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

పెళ్ళికి రమ్మని కబురు మాత్రం పంపింది. వెళ్ళాను. పాట పూర్తయ్యేదాకా పిల్ల బండెక్కకూడదు, అది వాళ్ళ ఆనవాయితీ. జీపు ఊరి చివర ఆగి ఉంది. ఆవిడ పిల్ల చెయ్యి పట్టుకుని మొదటి పాదం పాడింది, రెండో పాదం పాడింది. ఆగి, మళ్ళీ మొదటిది అందుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళకి అర్థమై తలలు దించుకున్నారు. అవే రెండు పాదాలు ఎన్నిసార్లు పాడిందో తెలీదు, చివరికి పిల్ల చెయ్యి వదిలేసింది.

పిల్ల జీపు మెట్టు మీద ఒక కాలు పెట్టి, మిగతా పాట కోసం తల్లి మొహంలోకి చూస్తూ నిలబడింది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు.

“ఎక్కు,” అంది తల్లి.