తుమ్మబంక లడ్డూ

ఆ రోజుల్లో ఎమ్మెస్సీ జువాలజీ పాసైనవాడికి లోకంలోని ప్రతి దుఃఖాన్నీ బొమ్మ గీసి వివరించవచ్చన్న ధీమా ఉండేది. నాకు కాస్త ఎక్కువే ఉండేది. బోధన్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ, పిల్లలు నిద్రపోతే అది వాళ్ల మెదడు లోపమేనని నమ్మే వయసు. సరిగ్గా అప్పుడే బాపుకు, అంటే మా నాన్నకు, మతిమరుపు రోగం ముదిరింది. చక్కెర ఫ్యాక్టరీలో పాకం కాచిన మనిషి. వేడి పాకాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి, తీగ చూసి, చక్కెర పలుకు కట్టే వేళ చెప్పేవాడు. ఇప్పుడు ఖాళీ వేళ్లు రుద్దుకుంటూ కూర్చుని, అవ్వను (మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం) "నువ్వెవరమ్మా?" అంటున్నాడు.

"ఏమైంది బిడ్డా గాయన నెత్తికి?" అని అవ్వ ఏడ్చింది. నేను ఊరుకుంటే పోయేది. పలక తెచ్చి రెండు నాడీకణాలు, వాటి మధ్య సన్నని సందు గీశాను. "రెండు దిక్కులకెల్లి ప్రోటీన్లు చెయ్యి సాపి ఒకదాన్నొకటి పట్టుకుంటయ్ అవ్వా. వట్టి జిగురు గాదు, ఎవరిని పట్టుకోవాల్నో గుర్తువట్టి పట్టుకుంటయ్. గవి వదిలితె కబురు అందదు."

అవ్వ చెవికి జిగురొక్కటే ఎక్కింది. "గంతేనా! జిగురు తినవెడ్తె అయిపాయె." మర్నాటి నుంచి పూటపూటా బెండకాయే. సంతలో మరాఠీ ముసలమ్మ దగ్గర తుమ్మబంక కొని, బాలింతలకు పెట్టే లడ్డూలు బెల్లంతో కట్టింది. "కడుపుల అరిగిపోతదే, నెత్తికెక్కదు" అని మొత్తుకున్నాను. "నువ్ జెప్పిందే గద జేస్తున్న, గిప్పుడు మాట మారుస్తున్నవా?" అని నన్నే కసిరింది. కణాలు అతుక్కోలేదు గానీ, బాపుకు మిగిలిన పళ్లలో ఒకటి లడ్డూకు అతుక్కుని ఊడొచ్చింది.

లడ్డూ అయిపోగానే అవ్వ నన్ను ముందుకు తోసి, "గీ పోరడెవరో చెప్పు" అనేది. బాపు ఎగాదిగా చూసి, "కరెంటాయన గద, మీటర్ సూడవచ్చిండు" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. ఆ తర్వాత పెరట్లోకి పోయి ఏడ్చేవాణ్ణి.

ఆయన ఆ చలికాలం దాటలేదు. పోవడానికి కొద్దిరోజుల ముందు ఒక మధ్యాహ్నం లడ్డూ ఇస్తే కొరకలేదు. వేళ్ల మధ్య నలిపి చూసి, తుంచి, సగం నా అరచేతిలో పెట్టాడు. "సార్, మీరు కాలేజీ దిక్కు పోతరు గదా? మా చిన్నోడు ఆడనే పాఠాలు చెప్తడు. లడ్డూలంటే వానికి పానం. గిది ఇయ్యుండ్రి."

"ఇస్త బాపూ" అన్నాను. బయటి గోడవారన నిలబడి తిన్నాను. బంక పళ్లకు పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

ఇప్పటికీ క్లాసులో ఆ రెండు కణాలూ గీస్తుంటే, పలక పట్టుకుని అవ్వ ముందు కూర్చున్న కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. అవి వదిలితే కబురు అందదని ఎంత ధీమాగా చెప్పాడు, వెర్రివాడు! బాపు పంపింది వాడికి అందనే అందింది.