వైండింగ్ బ్రదర్ మాట్లాడిన భాష

కాలిపోయిన మోటార్లకు కొత్తగా రాగితీగ చుట్టడం అతని పని. అందుకే సంఘంలో అందరూ అతన్ని వైండింగ్ బ్రదర్ అనేవారు. బాప్తిస్మం తీసుకుని పద్దెనిమిదేళ్లయింది. ఆదివారం ఆరాధన తప్పింది లేదు, శుక్రవారం ఉపవాస ప్రార్థన తప్పింది లేదు. హాలులో ఫ్యాను ఆగిపోతే నిచ్చెన ఎక్కేదీ, మైకు గురగురలాడితే వైర్లు సవరించేదీ అతనే. లోటు ఒక్కటే. అతనికి అన్యభాషలు రాలేదు.

ఆ సంఘంలో అది చిన్న లోటు కాదు. ఆత్మ నింపితే మనిషి నోట తెలియని భాష పలుకుతుందని, అభిషేకం పొందాడనడానికి అదే గుర్తని వాళ్ల నమ్మకం. అందుకోసమే నెలకొక శనివారం పొద్దున కనిపెట్టు కూడిక పెట్టేవారు. ఇంకా పొందనివాళ్లు ముందు వరసలో మోకరిస్తారు. పొందినవాళ్లు వెనక నిలబడి, వాళ్ల తలల మీద చేతులుంచి ప్రార్థిస్తారు. కొత్తవాళ్లు ముందుకొచ్చేవారు, పొందేవారు, కళ్లు తుడుచుకుంటూ వెనక్కి వెళ్లేవారు. వైండింగ్ బ్రదర్ మాత్రం ముందు వరసలోనే ఉండిపోయాడు.

అతని భార్యకు మూడో కూడికలోనే వచ్చింది. అత్తగారికి దండెం మీద బట్టలు ఆరేస్తుంటే వచ్చింది. అన్నిటికన్నా బావమరిది సంగతే అతన్ని మండించింది. చర్చి గుమ్మం తొక్కడానికే బద్ధకించినవాడు, అక్క పోరు పడలేక వచ్చి ఆరు రోజుల్లో పొందాడు. పైగా సలహా ఒకటి.

"నువ్వు మరీ ఆలోచిస్తావు బావా. బుర్ర పక్కన పెట్టి నోరు తెరవాలంతే."

"పద్దెనిమిదేళ్లుగా తెరిచే ఉంచానురా. దవడలు పట్టేస్తున్నాయి."

సలహాలకేం కొదవ లేదు. దాచిన పాపం ఏదో అడ్డుపడుతోందని ఒకాయన అన్నాడు. గుర్తున్నవన్నీ ఒప్పుకున్నాక, పని నేర్చుకునే రోజుల్లో మొదటి షాపు నుంచి తెచ్చేసుకున్న స్క్రూడ్రైవర్ ఒకటి గుర్తొచ్చింది. వెతుక్కుంటూ వెళ్లి ఇచ్చి వచ్చాడు. ఆ యజమానికి స్క్రూడ్రైవరూ గుర్తులేదు, ఇతనూ గుర్తులేడు. ఇరవై ఒక్క రోజులు ఉపవాసం ఉండమని మరొకాయన చెప్పాడు. ఉన్నాడు. నీరసంలో చుట్ల లెక్క తప్పి, బాగుచేసిన మూడు మోటార్లు మళ్లీ కాలిపోయి తిరిగొచ్చాయి. నాలుక దానంతటదే జారేవరకు "స్తోత్రం, స్తోత్రం" అని గబగబా అంటూ ఉండమని పాస్టరమ్మగారు చెప్పింది. అన్నాడు. నాలుక జారి పళ్ల మధ్య పడింది. రెండు రోజులు చప్పిడి మెతుకులు తిన్నాడు.

అతను దేవుణ్ణి నమ్మని మనిషా అంటే, కాదు. షాపులో బల్ల ముందు కూర్చుని, తీగ చుట్టినంతసేపూ లోలోపల ఆయనతో మాట్లాడుతూనే ఉండేవాడు. కూతురి చదువు గురించి, నడుం నొప్పి గురించి, చివరికి వార్నిష్ ఆరడం లేదని కూడా. కానీ ఆ మాటలు ఎవరికీ వినపడవు కదా. సంఘానికి వినపడే మాట వేరు.

ఆ ఏడాది సంఘ పెద్దల్లో ఒకాయన ఊరు మారి వెళ్లిపోయాడు. ఆ చోటు తనకు రావచ్చని వైండింగ్ బ్రదర్ మనసులో చిన్న ఆశ. ఆదివారం పాస్టరుగారు ప్రకటన చదివాడు. సంఘ పెద్ద కావాలంటే అభిషేకం పొందినవాడై ఉండాలన్నది నియమం. ఆ మాట రాగానే పదిమంది అతని వైపు చూసి, చూడనట్టు తలలు తిప్పుకున్నారు. తిట్టినా అంత బాధపడేవాడు కాదు. ఆ వచ్చే శనివారమే ప్రత్యేక కూడిక ఉందని, దాని తర్వాతే ఎంపిక అని పాస్టరుగారు ముగించాడు.

ఆ కూడికకు బయటినుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. కీబోర్డు, డ్రమ్ము, నాలుగు మూలలా స్పీకర్లు. ముందు వరసలో ఏడుగురు మోకరించారు. ఒక్కొక్కరే పొంది లేచి వెళ్లారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటేసరికి ఇతనొక్కడే మిగిలాడు. ప్రసంగీకుడు అతని తల రెండు చేతులా పట్టుకుని ఊపేస్తున్నాడు.

"విడిచిపెట్టు బ్రదర్! నాలుక కదుపు! నువ్వు కదుపు, ఆయన నింపుతాడు!"

మోకాళ్లు తిమ్మిరెక్కి రాళ్లలా ఉన్నాయి. వెనక నూటయాభై మంది చేతులెత్తి అరుస్తున్నారు. వాళ్లంతా తనకోసమే ఆగారని, తనొక్కడు తెమిలితే భోజనాలకు లేస్తారని అతనికి తెలుసు. సిగ్గు, ఆకలి, పద్దెనిమిదేళ్ల విసుగు, అన్నీ కలిసి గొంతులోకి వచ్చాయి. నోరు తెరిచాడు. ప్రతిరోజూ నోట్లో నానే మోటారు భాగాల పేర్లే వచ్చాయి. స్టేటర్, రోటర్, బుష్, బేరింగ్, కెపాసిటర్. సగం మింగి, సగం తిరగేసి, ఊపిరి తిప్పుకోకుండా అన్నాడు.

"రోటస్టా బేరిబుషా కెపాకెపా రోటస్టా!"

హాలు దద్దరిల్లింది. ప్రసంగీకుడు అతన్ని కౌగిలించుకున్నాడు. భార్య బిగ్గరగా ఏడ్చింది. ఆ గోలంతా కాస్త సద్దుమణిగాక మూడో వరసలోంచి నర్సమ్మ లేచింది. ఆసుపత్రిలో చాలాకాలం పనిచేసి రిటైరైన మనిషి. అన్యభాషలకు అర్థం చెప్పే వరం ఆమెకుందని సంఘమంతా గౌరవించేది. ఆమె కళ్లు మూసుకుని చెప్పింది.

"రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు ఒకడు ఇక్కడున్నాడు. ఒకటి వదిలెయ్యి, భయపడకు, నేను పట్టుకుంటాను అంటున్నాడు ప్రభువు."

వైండింగ్ బ్రదర్ తెల్లబోయాడు. పంపు మోటారులో పడవలెక్కడివి?

ఆ రోజే నిజం చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఇంటికెళ్తుంటే బస్సులో భార్య అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది. అన్నేళ్ల కాపురంలో పదిమందిలో అలా పట్టుకున్నది అదే మొదటిసారి.

"నాకు రాగానే మీకు రాలేదని ఎంత కుమిలిపోయానో మీకేం తెలుసండీ? నావల్లే ఏదో అడ్డమొచ్చిందేమో అనుకునేదాన్ని," అంది.

రెండు వారాలకే అతన్ని సంఘ పెద్దగా ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. లోలోపల ఆశపడిన కుర్చీ. కూర్చుంటే ముళ్ల మీద కూర్చున్నట్టుంది. ప్రార్థనలో అందరూ భాషల్లో పలుకుతుంటే, పక్కవాళ్లు గమనిస్తారని తనూ కెపాకెపా అనాల్సి వచ్చేది. ఇంకా ఘోరం, షాపులో దేవుడితో మాట్లాడుకోవడం ఆగిపోయింది. తీగ చుడుతూ మొదలుపెట్టబోతే, ఏ మొహం పెట్టుకుని అనిపించేది.

ఒక ఆదివారం సంఘంలోని బస్సు డ్రైవర్ ఒకడు వచ్చి అతని రెండు చేతులూ కళ్లకద్దుకున్నాడు. ఇద్దరు చిన్నపిల్లల తండ్రి. ఉద్యోగమా, పూర్తికాలం సేవా అని ఏడాదిగా ఊగిసలాడుతున్న మనిషి.

"అన్నా, ఆ రోజు దేవుడు మీ నోటితో నాతోనే మాట్లాడాడు. రెండు పడవలన్నది నా గురించే. డిపోలో రాజీనామా ఇచ్చేశాను."

"ఏమిచ్చావు?"

"రాజీనామా అన్నా. నెలాఖరుకి మంజూరవుతుంది."

వైండింగ్ బ్రదర్ ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. నేరుగా పాస్టరుగారి ఇంటికి వెళ్లాడు. పాస్టరుగారు బనియనుతో వరండాలో కూర్చుని, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు ఒక పక్కకు ఏరుతున్నాడు. చెడ్డమనిషి కాదు. పొద్దున రెండు ఆరాధనలు నడిపి గొంతు బొంగురుపోయి ఉంది. అంతా విని, చేతిలోని కుర్చీ కింద పెట్టాడు.

"బ్రదర్, మీరేం పలికారో మీకు తెలియకపోవచ్చు," అన్నాడు.

"తెలుసండి అయ్యగారూ. పంపు మోటారు విడిభాగాలు."

"మీరు అవే అనుకోవచ్చు. దేవుడు వాడుకోదలిస్తే దేన్నైనా వాడుకుంటాడు. బైబిల్లో ఆయన గాడిద చేత కూడా మాట్లాడించాడు కదా."

"గాడిద కనీసం అబద్ధం ఆడలేదండి."

పాస్టరుగారికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇప్పుడు బయటపెడితే ఎంతమంది విశ్వాసం దెబ్బతింటుందో ఆలోచించారా? నర్సమ్మ పరిస్థితేంటి? మీరూ మీ దేవుడూ సర్దుకోండి. సంఘం దాకా ఎందుకు?"

"మరి ఆ డ్రైవర్ పిల్లలు?"

"అతని పిలుపు అతనిది."

ఏ మాట అన్నా దానికొక జవాబు ఉంది. గోడకు తల బాదుకున్నట్టుంది వైండింగ్ బ్రదర్‌కి. అక్కణ్ణుంచి డ్రైవర్ ఇంటికి వెళ్లాడు. అతనైతే వినను కూడా వినలేదు.

"ఇది శోధన అన్నా. నేను అడుగు వెయ్యకుండా సాతాను మీ చేత ఇలా అనిపిస్తున్నాడు," అని మోకాళ్లూని అతని కోసమే ప్రార్థన మొదలుపెట్టాడు. వంటగది గుమ్మంలో నిలబడిన డ్రైవర్ భార్య మాత్రం ఇతని మొహంలోకి కన్నార్పకుండా చూసింది.

తను మూడు మాటలు మింగి పలికితే అందరూ నమ్మారు. తెలిసిన మాటల్లో ఉన్నదున్నట్టు చెబితే ఎవరూ నమ్మడం లేదు. దారంతా పళ్లు నూరుకుంటూ నడిచాడు. ఇంటికి వెళ్లి ముందు భార్యకు చెప్పాడు. ఆమె మంచం మీద కూర్చుండిపోయింది. "ఆదివారం చెప్తారా?" అంది. అవునన్నాడు. "నేను మీ పక్కన నిలబడను. నావల్ల కాదు," అంది.

ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాడు. పాస్టరుగారు మైకు ఇవ్వడానికి తటపటాయిస్తే, ఆ మైకు వైర్లు వేసింది తనే కాబట్టి రెండోదాన్ని తీసి స్విచ్ నొక్కాడు.

"ఆ శనివారం నేను మాట్లాడింది అన్యభాష కాదు. అందరూ విసుక్కుంటారని సిగ్గుపడి నోటికొచ్చింది అన్నాను. అదేంటో మళ్లీ చెప్తాను, వినండి. స్టేటర్. రోటర్. బుష్. బేరింగ్. కెపాసిటర్. ఇవి నా షాపులో ఉంటాయి. దీనివల్ల ఎవరూ ఏ ఉద్యోగమూ మానెయ్యకండి. నన్ను క్షమించండి."

వెనక ఎవరో ఫక్కున నవ్వి వెంటనే ఆగిపోయారు. నర్సమ్మ బైబిలు సంచిలో పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచింది. అతను ముందు కుర్చీలోకి తిరిగి వెళ్లలేదు. చెప్పుల దగ్గర గోడకానుకుని నిలబడ్డాడు.

మరుసటి రోజే డ్రైవర్ భార్య భర్తను వెంటబెట్టుకుని డిపోకి వెళ్లింది. రాజీనామా కాగితం ఇంకా పైకి వెళ్లలేదు, వెనక్కి తీసుకున్నారు. ఆమె షాపుకొచ్చి ఒక్క మాట, "మీ మేలు మర్చిపోను అన్నయ్యగారూ," అని వెళ్లింది. డ్రైవర్ మాత్రం ఈనాటికీ అతనితో మాట్లాడడు. తన పిలుపు చెడగొట్టాడని కోపం.

నెల తర్వాత నర్సమ్మ టేబుల్ ఫ్యాన్ పట్టుకుని షాపుకొచ్చింది. బల్ల మీద పెట్టి, తిరగడం లేదని చెప్పింది. వెళ్లబోయి ఆగింది.

"నేను అబద్ధం చెప్పలేదు నాయనా. ఆ రోజు నాకు నిజంగానే వినిపించింది. అచ్చం ఎప్పుడూ వినిపించినట్టే."

"నాకు తెలుసమ్మా."

"అదే నా బాధ. ఆ రోజుదీ, ముందటివీ ఒక్కలాగే ఉంటే, ముప్పై ఏళ్లుగా నేను చెప్పినవన్నీ ఏమనుకోను? వాటిని నమ్మి ఎవరెవరు ఏం చేశారో?"

అతను స్టూలు తుడిచి వేశాడు. ఆమె కూర్చుంది. ఫ్యాను విప్పాడు. లోపల తీగ నల్లగా మాడిపోయి ఉంది. కాలిన తీగ కత్తిరించి లాగుతున్నంతసేపూ ఆమె అక్కడే కూర్చుంది.

పెద్దరికం బావమరిదికి ఇచ్చారు. ఆదివారాల్లో భార్య మళ్లీ పక్కన కూర్చుంటోంది, కాకపోతే మధ్యలో సంచి పెడుతోంది. ఒక పొద్దున ఆమె వంటగదిలో భాషల్లో ప్రార్థిస్తుంటే గుమ్మంలో నిలబడి అడిగాడు, "నిజం చెప్పు, అది ఎలా వస్తుంది?"

ఆమె గరిటె పట్టుకుని ఆలోచించింది. "నాకూ తెలీదండీ. వస్తుంది, అంతే. తెలిస్తే మీకు ఇవ్వనా?"

కనిపెట్టు కూడికకు అతను ఇప్పటికీ వెళ్తున్నాడు. ఎందుకు వస్తున్నారని పాస్టరుగారే ఒకసారి అడిగాడు. మొన్నటి శనివారం ముందు వరసలో నలుగురు మోకరించారు. పాస్టరుగారి చెయ్యి ముగ్గురి తలల మీద ఆగింది. ఇతని దగ్గరికొచ్చి, ఒక్క క్షణం గాల్లో తచ్చాడి, దాటిపోయింది. అతనికి ఒళ్లు మండింది. కళ్లు మూసుకుని, ఎన్నో నెలల తర్వాత దేవుడితో మాట్లాడాడు.

"ఇంకెన్నాళ్లయ్యా? వాళ్లందరికీ ఇచ్చి నాకొక్కడికే ఎందుకివ్వవు? నేనేం తక్కువ చేశాను? నువ్వు చెప్పవు, వీళ్లకు తెలీదు. నాకు విసుగొచ్చింది. నిజంగా విసుగొచ్చింది."

పైకే అనేశాడు. పక్కనున్న కొత్తమనిషి కళ్లు తెరిచి అతనివైపు చూసి, మళ్లీ మూసుకున్నాడు. కీబోర్డు మోగుతూనే ఉంది. మోకాళ్లు నొప్పెడుతున్నాయి. అతను లేవలేదు. ఇంకా చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.