ఓమా గోడ మీది బాతు

ఈ ఉదయం మా అమ్మాయి స్కూలు పుస్తకంలో ఒక పాత తైలవర్ణ చిత్రం చూపించి, "నాన్నా, ఇదిగో నువ్వు చెడగొట్టిన బాతు!" అంది. నిజమే, చెడగొట్టింది నేనే.

హానోవర్‌లో లాక్‌డౌన్ మొదలైన వసంతం అది. మా కింది ఇంట్లో ఒంటరిగా ఉండే జర్మన్ పెద్దావిడను మా అమ్మాయి ఓమా అని, అంటే జర్మన్‌లో నానమ్మ అని పిలిచేది. ఆవిడ ఇంట్లో పైపు పగిలి గోడకు చెమ్మ దిగితే, బాగుచేసేదాకా ఉంచమని ఒక చిత్రాన్ని మా గుమ్మం ముందు పెట్టి, ఆరు మెట్లు దిగి నిలబడి మరీ దాని కథ చెప్పింది. రోమన్ల దేవుడు జూపిటర్ తన కొడుకుతో కలిసి బాటసారి వేషంలో ఊరంతా తిరిగితే ఎవరూ తలుపు తీయలేదట. ఒక పేద ముసలి జంట మాత్రం లోపలికి పిలిచి, ఉన్న ఒక్క పెద్దబాతునూ కోయబోతే, అది పరుగెత్తి వెళ్లి ఆ దేవుడి కాళ్ల దగ్గరే దాక్కుందట. ఇప్పుడు మా అమ్మాయి పుస్తకంలో ఉన్న మూడు వందల ఏళ్ల నాటి చిత్రానికి ఆవిడ భర్త వేసిన నకలు ఇది. పోయిన ఆయన చేతిపనిలో మిగిలింది ఇదొక్కటే.

ఆ రోజుల్లో మా గడప దాటే ప్రతిదానికీ నేను స్నానం చేయించేవాడిని. పాలడబ్బాలకు సబ్బునీళ్లు, కరివేపాకుకు ఉప్పునీళ్లు. అదే ఊపులో దేవుళ్లకూ శానిటైజర్ కొట్టి, బాతు ముక్కు మీది మచ్చ మురికనుకుని గట్టిగా రుద్దాను. రంగంతా గుడ్డకు వచ్చేసింది. బాతుకు తల లేదు. "ఏందయ్యా, ఆఖరికి దేవుళ్లను కూడా శానిటైజ్ చేసినవా?" అని మా ఆవిడ నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. ఓమా ఫోన్ చేసి అడిగితే "భద్రంగా ఉంది" అన్నాను. రుద్దినందుకన్నా ఆ మాటకే ఇప్పటికీ సిగ్గుపడతాను. మూడు రోజులు చిత్రాన్ని మంచం కింద పెట్టాను. నాలుగో రోజు మా ఆవిడ, "దాస్తే తల మొలుస్తదా? పోయి చెప్పు" అంది.

మాస్కు పెట్టుకుని, చిత్రాన్ని పట్టుకుని మెట్ల మీద నిలబడి చెప్పాను. ఓమా బాతు తల ఉండాల్సిన ఖాళీని చూసింది. "ఫోన్‌లోనే ఎందుకు చెప్పలేదు?" అంది. భయపడ్డానన్నాను. "ఈ తల ఆయనకూ నాలుగుసార్లు కుదరలేదు. ఇక నీ వంతు" అని లోపలికి వెళ్లి, ఆయన రంగుల పెట్టె తెచ్చి మెట్టు మీద పెట్టింది.

ఎనిమిది శనివారాలు ఆవిడ తన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, నేను మెట్ల మీద కుంచె పట్టుకుని కూర్చున్నాను. "మెడ ఇంకా పొడుగు! అది బాతు, కోడి కాదు!" అని అక్కడినుంచే అరిచేది. తుడిచి మళ్లీ దిద్దేవాడిని. చివరికి కాస్త కోడిలాగే వచ్చింది. అయినా ఆవిడ దాన్ని తన గోడకు ఎక్కించుకుంది. ఆ కథ రెండు వేల ఏళ్లది, ఆయన గీతలు నలభై ఏళ్లవి, బాతు తల ఒక్కటే మా మెట్ల మీది ఎనిమిది శనివారాలది.