ఊరికే ఎక్కిన రంగులరాట్నం

ఎమ్మిగనూరులో మా పక్కింటి అక్క మగ్గం నేసేది. జాతరకు ముందురోజు రంగులరాట్నం వాళ్లు చక్రాన్ని తిప్పి చూసుకునేటప్పుడు, బరువు కోసం దొరికినవాళ్లను ఊరికే ఎక్కించుకునేవాళ్లు. ఏటా అందరికంటే ముందుండేది అక్కే. పిసినారిదని వీధంతా నవ్వేది.

నేను కొత్తకోడలిగా వచ్చిన ఏడు నన్నూ పక్కన కూర్చోబెట్టుకునింది. సందెవేళ. పైకి పోయేకొద్దీ అంగళ్ల దీపాలు నీళ్లలో తేలుతున్నట్టు కదిలినాయి. నా కొంగు ఎగిరి ఆమె భుజాన పడింది. అక్క పైకి పోయేటప్పుడు కళ్లార్పకుండా కిందికి చూసేది, దిగేటప్పుడు గట్టిగా మూసుకునేది.

"భయమా అక్కా?" అన్నాను.

"భయమేముంది! ఆ గుడారం పక్కన లాంతరు సూడు. దాని కింద పేకాడతాండేది మా ఆయప్పే."

జూదగాళ్లు అప్పుడే చేరిపోయినారు, వాళ్ల నడుమ అక్క మొగుడు.

"దిగి పిలుద్దామా?"

"వద్దులే. ఈడినుంచి సూస్తే పిల్లోని మాదిరి ఉండాడు. పిల్లోని మీద కోపమేముంటాది?"

చక్రం కిందికి తిరిగింది. లాంతరు పెద్దదవుతూ వచ్చింది. అక్క మళ్లా కళ్లు మూసుకునింది.

"నేల తగిలినాక సెప్పమ్మీ. అందాక పిల్లోడే."