అక్క గొంతుకు సరిపోయే డబ్బా

మిర్యాలగూడలో వడ్లు కొరికి బతికేవాళ్లలో రాజారత్నం పేరున్నవాడు. రైసు మిల్లు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ట్రాక్టరు ఆగగానే బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు వడ్లు తీస్తాడు. రెండు గింజలు పళ్ల మధ్య పెట్టి టక్కున కొరికి తేమ ఎంతుందో చెప్తాడు. తేమ కొలిచే మిషను పక్కనే ఉంటుంది గానీ, అతను చెప్పాక అది కూడా అదే అంకె చూపిస్తుంది. ముప్పై ఏళ్లుగా ఇదే పని. దాంతో అతనికొక జబ్బు పట్టుకుంది. ఏ వస్తువునైనా, ఏ మనిషినైనా రెండు నిమిషాల్లో తేల్చి చెప్పగలనని గట్టి నమ్మకం.

ఇంట్లో ఈ నమ్మకం వల్ల నష్టమే ఎక్కువ. ప్రతి వస్తువులోనూ రెండు నిమిషాల్లో లోపం కనిపెడతాడు కాబట్టి ఏదీ కొనలేడు. కుక్కరు కొనడానికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ అతని భార్య కవిత గిన్నె మీద మూత పెట్టి, మూత మీద రోలు పెట్టి పప్పు ఉడకేసింది.

ఆ గుణం చివరికి సొంత అక్క మీదికే పోయింది. బుచ్చమ్మ అతనికంటే పన్నెండేళ్లు పెద్ద. హాస్టల్లో పిల్లలకు వండిపెట్టి రిటైరైంది. వాళ్ల చర్చిలో నలభై ఏళ్లు పాట ఎత్తుకున్నది ఆమే. మైకు లేని రోజుల్లో ఆమె ఎక్కడ ఎత్తుకుంటే సంఘమంతా అక్కడికి చేరేది. తర్వాత చర్చికి పెద్ద కీబోర్డు వచ్చింది. రాజారత్నం పట్టుబట్టి నేర్చుకున్నాడు. చిక్కల్లా ఒక్కటే. బుచ్చమ్మ గొంతు ఎప్పుడూ కీబోర్డు మీది రెండు మెట్ల నడుమ లేస్తుంది. ఈ మెట్టు నొక్కితే కిందికైతుంది, ఆ మెట్టు నొక్కితే మీదికైతుంది. పోయిన క్రిస్మస్‌కు ముందు పాటల ప్రాక్టీసులో, నలభై మంది చూస్తుండగా, అతను కీబోర్డు మీంచి చేతులెత్తేశాడు.

"నీకు శ్రుతే నిలుస్తలేదక్కా. జర నువ్వాగు, పిల్లలు పాడుతరు."

బుచ్చమ్మ ఆగింది. ఆ రోజు నుంచి ఆగే ఉంది. అలిగి మాట మానేసిందా అంటే అదీ లేదు. తమ్ముడికి చింతచిగురు పప్పు పంపుతుంది, అతని మోకాలి నొప్పి గురించి అడుగుతుంది. చర్చిలో మాత్రం చివరి వరుసలో కూర్చుని, పాటల పుస్తకం తెరిచి, పెదవి కదపదు. ఎవరైనా అడిగితే గొంతు పోయిందంటుంది. ఆ గొంతు ఎక్కడికీ పోలేదని వాడకట్టంతటికీ తెలుసు. కూరగాయల బండివాణ్ణి ఆమె పిలిస్తే మూడో సందులో ఉన్నవాడు కూడా బ్రేకు వేస్తాడు.

అక్క పాట లేని ఆదివారం రాజారత్నానికి ఉప్పు లేని కూర అయిపోయింది. దిగులుగా ఉండేది, నిద్ర సరిగా పట్టేది కాదు. తప్పయిందని ఒక్క మాట అంటే పోయేదానికి అయిదు నెలలు తిప్పలు పడ్డాడు. ఆ మాట అనడం కంటే బస్సెక్కి ఎక్కడికో వెళ్లి ఏదో ఒకటి కొనుక్కురావడం మగవాళ్లకు తేలిక.

ఏం కొనాలో ఫోనే చెప్పింది. వీడియోలో ఎవరో ఒకాయన అరచేతిలో పట్టే డబ్బా పెట్టుకుని వేలితో వాయిస్తున్నాడు. దాన్ని అనలాగ్ సింథసైజర్ అంటారట. అంకెలు లెక్కగట్టే కంప్యూటరు లోపల ఉండదు. కరెంటు ఎక్కువ తక్కువలతోనే స్వరం పుడుతుంది. మెట్ల బదులు వేలు ఆనిస్తే పలికే ఒక లోహపు పట్టీ ఉంది. పక్కనున్న నాబ్ తిప్పితే స్వరం ఎక్కడికి కావాలంటే అక్కడికి, రెండు మెట్ల నడుమకు కూడా, జారుతుంది. రాజారత్నం లేచి కూర్చున్నాడు. కీబోర్డు కనిపిస్తే అక్క ఆ పక్కకే రాదు. ఇదైతే చొక్కా జేబులో పడుతుంది. ముందు ఆమె గొంతు దగ్గరే మొదలుపెట్టి, ఆమె పాడుతుంటే నాబ్ మెల్లమెల్లగా తిప్పుకుంటూ, మేకపిల్లను దొడ్లోకి తోలినట్టు సరైన మెట్టు మీదికి తోలుకు రావొచ్చు. అంటే అప్పటికీ అతని లెక్కలో దారిలోకి రావలసింది అక్కే.

మొదట కోదాడ వెళ్లాడు. అక్కడ హరీష్ అని, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించే కుర్రాడు, తన డబ్బాను అమ్మజూపుతున్నాడు. రాజారత్నం దాన్ని గుప్పిట్లో పట్టి బరువు చూశాడు, చెవి దగ్గర పెట్టి ఊపాడు, వాసన చూశాడు. కొరకడం ఒక్కటే తక్కువ.

"మంచి పీసండి, నాలుగేళ్ల నుంచి వాయిస్తన్నా," అన్నాడు హరీష్. "ఒక్క మాట ముందే చెబుతా. వేడి తగిలితే దీని స్వరం మెల్లగా పైకి పోద్ది. మధ్యమధ్యలో నాబ్ సర్దుకుంటా ఉండాలి."

రాజారత్నం డబ్బాను బల్ల మీద పెట్టేశాడు. మిల్లు గేటు దగ్గర అతను నేర్చుకున్న వేదం ఒకటుంది. 'కొంచెం తేమ ఉన్నది సార్' అని రైతు తనంతట తానే ఒప్పుకున్నాడంటే అడుగు బస్తాలు మొలకెత్తి ఉన్నట్టే. అమ్మేవాడు చిన్న లోపం చెప్పేది పెద్ద లోపం దాచడానికే. నిజం చెప్పిన పాపానికి హరీష్ బేరం పోగొట్టుకున్నాడు.

అక్కణ్ణుంచి సూర్యాపేట. శ్రీధర్ అనే ఆయన సంగీత వాయిద్యాల దుకాణంలో అదే కంపెనీ డబ్బా, అదే రకం, కొత్తది ఉంది. దుకాణంలో ఏసీ ఎంత చల్లగా ఉందంటే రాజారత్నం చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు. నలభై నిమిషాల పాటు ఒక్క స్వరాన్నే వాయించి విన్నాడు. వెంట్రుక వాసి కూడా కదల్లేదు.

"ఇందులో లోపమేమన్న ఉన్నదా?" అని అడిగాడు.

"కంపెనీ మాలు సార్. లోపమేముంటది?" అన్నాడు శ్రీధర్, ఏసీ ఇంకొంచెం పెంచుతూ.

రాజారత్నం కొనేశాడు. ఒక్కరోజులో ఒక వస్తువు కొనడం అతని జన్మలో అదే మొదటిసారి. ఇంటికొచ్చి చూపిస్తే కవిత దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"కొరికి సూసినవా?"

"నవ్వకు. అక్క పాడుతది సూడు."

"అక్కను పాడమని అడగడానికి డబ్బా ఎందుకయ్యా? నోరుంది గదా," అంది కవిత. అతను వినిపించుకోలేదు.

ఆ బుధవారం మధ్యాహ్నం గృహ ప్రార్థన బుచ్చమ్మ ఇంట్లోనే. సొంత ఇంట్లో చివరి వరుస ఉండదు కదా అని రాజారత్నం ఎత్తు. మే నెల, రేకుల వసారా, పద్నాలుగు మంది ఆడవాళ్లు, ఒక ఫ్యాను. అక్క పాత గొంతును గుర్తు తెచ్చుకుని అతను నాబ్ తిప్పి సరిగ్గా అక్కడ నిలిపాడు. వేలు ఆనించాడు. ఆడవాళ్లు పాట అందుకున్నారు. బుచ్చమ్మ మాత్రం టీ పెడతానని వంటింట్లోకి వెళ్లిపోయింది.

పల్లవి బాగానే సాగింది. ఒక్కో వరస పాడేకొద్దీ ఆడవాళ్ల మెడలు సాగడం మొదలైంది. రేకుల వేడికి డబ్బా స్వరం మెల్లగా పైకి ఎక్కుతోంది, దాంతో పాటు పాటా ఎక్కుతోంది. మొదటి చరణం సగానికి కవితకు దగ్గు వచ్చింది. పక్కన రుక్మాబాయి గొంతు చీలి ఆగిపోయింది. ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు. రాజారత్నం కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు. ఈ ఆడవాళ్లకు ఎవరికీ శ్రుతి లేదని అతని మనసులో తీర్పు అప్పటికే అయిపోయింది.

అప్పుడు వంటింటి గడప దగ్గరినుంచి బుచ్చమ్మ పాడింది. చేతిలో టీ గ్లాసుల పళ్లెం ఉంది. పాడాలని పాడలేదు. పాట పడిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయింది, అంతే. పల్లవి ఎక్కడ మొదలైందో సరిగ్గా అక్కడే పట్టుకుంది. దగ్గినవాళ్లు, ఆగినవాళ్లు అందరూ హమ్మయ్యా అని ఆమె గొంతు కిందికి చేరారు. పైన డబ్బా ఒక్కటే కీచుమంటూ మిగిలింది.

రాజారత్నం కళ్లు తెరిచాడు. అందరూ తననే చూస్తున్నారు. చెవులు కాలిపోయాయి. ముప్పై ఏళ్లలో అతను పాస్ చేసిన సరుకు పదిమందిలో ఫెయిలవడం ఇదే మొదటిసారి. డబ్బాను ఒళ్లోంచి తీసి చాప మీద పడేశాడు.

"థూ! గీ డబ్బాకు శ్రుతే నిలుస్తలేదు!"

పాట ఆగిపోయింది. బుచ్చమ్మ పళ్లెం కింద పెట్టింది. వచ్చి తమ్ముడి పక్కన చాప మీద కూర్చుని, డబ్బాను తీసి కొంగుతో దుమ్ము తుడిచింది.

"మెల్లగనురా రత్నం," అంది. "పదిమందిల గట్లంటే మల్ల నోరు తెర్వది."

ఒక్కరూ నవ్వలేదు. రాజారత్నం అక్క ముఖం వైపు చూడలేక ఆమె చేతుల వైపు చూశాడు. వందల మంది పిల్లలకు వండిపెట్టిన చేతులు. అయిదు నెలలుగా ఆ చేతులతోనే పప్పు పంపింది, ఒక్క మాట అనకుండా. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"తప్పయిందక్కా," అన్నాడు. తనకు తెలియకుండానే గట్టిగా అన్నాడు. వసారాలో ఉన్నవాళ్లందరికీ వినపడింది. "తప్పు నాదే."

బుచ్చమ్మ డబ్బాను అతని ఒళ్లో పెట్టి, "పట్టు, ఇంకో చరణమున్నది," అని పాట ఎత్తుకుంది. ఎప్పటిలాగే రెండు మెట్ల నడుమ. రాజారత్నం ముక్కు తుడుచుకుని, నాబ్ మీద వేలు పెట్టి, అక్క ఎక్కడుందో వెతుక్కుంటూ మెల్లగా కిందికి దిగాడు.