ఫోనుకు తెలియని మాస్టారు

మొన్న శనివారం మా షామ్‌బర్గ్ ఇంట్లో ట్రంపెట్ ఊదుకుంటుంటే, మనవరాలు పాట పేరు చెప్పే యాప్ తెరిచి ఫోను నా ముందు పెట్టింది. "అమ్మమ్మా, ఫోన్‌కి తెలీదంట. ఎవరు సాంగ్ ఇది?" అంది.

ఆ ప్రశ్నతో మా మాస్టారు కళ్ళముందు నిలిచారు. భర్త వెంట డిపెండెంట్ వీసా మీద పరాయి దేశం వచ్చి, ఉద్యోగం చేసే హక్కు లేక మధ్యాహ్నాలన్నీ గోడలు చూస్తూ గడిపిన నా వయసు ఆడవాళ్ళకు ఆ విసుగు వేరే చెప్పనక్కరలేదు. అలాంటి రోజుల్లోనే అపార్ట్‌మెంట్‌లో కింది వాటానుంచి ట్రంపెట్ వినిపించి, ఉండబట్టలేక వెళ్ళి తలుపు తట్టాను. పేరున్నవాళ్ళెందరి వెనకో నలభై ఏళ్ళు జాజ్ వాయించినా ఏ రికార్డు అట్ట మీదా పేరు పడని నల్లజాతి పెద్దాయన తలుపు తీశారు. ఆయనకు ఆ దిగులే లేదు, నాకే ఒళ్ళు మండేది. శిష్యులకు పేరొస్తే మాత్రం వీధంతా చెప్పుకొచ్చేవారు.

నాకూ నేర్పమంటే సరేనన్నారు గానీ, నెలరోజులు ట్రంపెట్ చేతికివ్వక, పెదాలకు ఆనించే చిన్న ముక్కతోనే బుర్రుమనిపించారు. ఇంట్లో తుమ్మెద దూరిందని మా ఆయన ఆటపట్టించేవారు.

మూడేళ్ళకు, ఆదివారం మధ్యాహ్నాలు తాను వాయించే చిన్న క్లబ్బులో తన వంతు నాకిచ్చారు. మెప్పిస్తే వాళ్ళ బృందంలో చోటు, లేకుంటే మళ్ళీ నా గోడలే నాకు. నేనేమో చిన్నప్పటి సంగీతం క్లాసు అలవాటుకొద్దీ ఆయన పాదాలకు దండం పెట్టి (పాపం, బూటు లేసు ఊడిందేమోనని వంగి చూసుకున్నారు), ఆయన ఒక్కరే వాయించే సోలోనే పొల్లుపోకుండా, ఊపిరి తీసుకునే చోటుతో సహా దించేశాను. అందరూ చప్పట్లు కొట్టారు, ఆయన తప్ప. "ఇది నాదమ్మా, నీదేదీ?" అన్నారు. జాజ్‌లో అప్పటికప్పుడు పుట్టిందే వాయించాలట, గురువును దించడం భక్తి కాదట, వట్టి బద్ధకమట! ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. ఆ కోపంతోనే మళ్ళీ వేదిక ఎక్కి, నాకే తెలియనిదేదో ఊదిపారేశాను. రెండుచోట్ల తప్పాను కూడా. మాస్టారు బల్ల మీద దరువేస్తూ పడీపడీ నవ్వారు, నాకు బృందంలో చోటు దొరికింది.

ఇప్పుడా క్లబ్బు పళ్ళ డాక్టరు ఆఫీసయింది, మాస్టారూ లేరు. ఈ రోజుల్లో పసిపిల్ల దగ్గినా ఫోన్‌లో పట్టేస్తారు, అప్పట్లో ఆయన సోలోను పట్టినవాళ్ళెవరూ లేరు. ఆనాడు చీవాట్లు తిన్న నా కాపీ ఒక్కటే మిగిలింది. అందుకే నలుగురిలో నాది వాయిస్తాను, ఇంట్లో ఆయనది.

మనవరాలు మళ్ళీ వాయించమని రికార్డ్ చేసింది. పాట ఎవరిదో పేరు టైప్ చెయ్యాలంది. ఒక్కో అక్షరం చెప్పి, మాస్టారి పేరు పెట్టించాను. ఏ అట్ట మీదా పడని పేరు అలా పాట పక్కన పడింది. చూసుకోవడానికి ఆయన ఉంటే ఎంత బాగుండేది! ఉంటే మాత్రం, మళ్ళీ దించేశావా అని తిట్టేవారే.