చొక్కా జేబులో గుండు

వేంకటేశ్వర్లు అబద్ధమాడలేదు. బస్సులో తన చేతిలోది చూసి పక్కసీటాయన "ఏంటండీ అది?" అనడిగితే "గుండు" అన్నాడు, అంతే. మిలిటరీ బట్టల్లో ఉన్న మనిషి గుండంటే ఎవరికైనా తుపాకి గుండే తోస్తుంది. పైగా అది కార్గిల్ యుద్ధం జరిగిన ఏడాది. గుడివాడలో బస్సు దిగేలోపే అది శత్రువు గుండయింది. వారం తిరిగేసరికి ఆయన భుజాన్ని రాసుకుంటూ పోయిందన్నారు. ఆయన అవుననలేదు. కాదనీ అనలేదు.

మూడు తరాల బడిపంతుళ్ళ ఇంట్లో పుట్టి సైన్యంలో చేరినా, ఆయన చేసింది గుమాస్తా పనే. యుద్ధమప్పుడు కొండ కింద డేరాలో కూర్చుని, చనిపోయినవాళ్ళ సామాన్లకి జాబితాలు రాసి ఇళ్ళకి పంపేవాడు.

ఆ డేరాకి తీరిక దొరికినప్పుడల్లా సాయిబాబు అనే జవాను వచ్చేవాడు. బందరు పక్క గిలకలదిండి కుర్రాడు. అక్కడ తెలుగు మాట్లాడేది వాళ్ళిద్దరే. "పంతులుగారూ, ఈ అన్నం ఇసుక నమిలినట్టుందండీ" అని మొదలుపెట్టి, జేబులోంచి సీసం గుండు తీసి బల్లమీద దొర్లించేవాడు. వాళ్ళ నాన్న వలకి కట్టిన గుండ్లలో ఒకటది. నీటి అడుగున వలని నిలబెట్టేవి అవే.

"ఇది జేబులో ఉంటే నేలమీద నిలబడతానండీ. లేకపోతే ఈ కొండల్లో తేలిపోతాను."

జూన్‌లో ఒకరోజు అతని సామానే డేరాకి వచ్చింది. వేంకటేశ్వర్లు వరసగా రాశాడు: ఉత్తరాలు, స్వెట్టరు, గడ్డం గీసుకునే పెట్టె. సీసం ముక్క చూసి ఆఫీసరు "చెత్త, పారెయ్" అన్నాడు. పారేయలేదు. జాబితాలో రాయలేదు కూడా.

తల్లికిద్దామనే తెచ్చాడు. ఇవాళా రేపా అంటూనే ఇరవయ్యారేళ్ళయింది. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక గుడివాడలో ఒక గది. పలకరించేవాళ్ళు లేని రోజున ఆ గుండు బల్లమీద దొర్లిస్తే గదిలో చప్పుడయ్యేది. ఆ చప్పుడు కూడా ఇచ్చేస్తే ఇంకేముంది? పంద్రాగస్టుకి మాత్రం బడివాళ్ళు పిలిచి దండేసేవారు, మర్నాటికి మర్చిపోయేవారు. దేశభక్తికి మనకి ఒక పూట చాలు.

మొన్న పంద్రాగస్టుకి బందరులో ఒక ప్రైవేటు బడి పిలిచింది. హెడ్మిస్ట్రెస్ జ్యోతిర్మయి ఆయన గుండుని అద్దాలపెట్టెలో బల్లమీద పెట్టించింది. దాని ముందు అట్టముక్క: శత్రువు తూటా. వేదిక మీద ఆయన పక్క కుర్చీలో ఒక ముసలామె కూర్చుంది. "అమరవీరుడు సాయిబాబు గారి తల్లి పోలమ్మ గారు" అని మైకులో చెప్పేదాకా ఆవిడెవరో ఆయనకి తెలీదు.

పోలమ్మ చెయ్యి చాపి పెట్టెలోంచి గుండు తీసింది. బొటనవేలితో తడిమింది.

"ఇది తూటా అని ఎవరన్నారమ్మా?"

"సార్ యుద్ధంలోంచి తెచ్చారండీ" అంది జ్యోతిర్మయి.

"చిల్లు చూడు, తాడెక్కించడానికి. ఇదుగో, పంటితో నొక్కిన గాటు. మా ఆయన పనే. సుత్తి తీసుకోవయ్యా అంటే వినేవాడు కాదు."

ముందు వరసలో పిల్లలు నవ్వారు. జ్యోతిర్మయి మైకుని చేత్తో మూసి, "పెద్దావిడ, పొరబడుతున్నట్టున్నారు. మీరు చెప్పండి సార్" అంది.

తూటాయే అంటే చాలు. తప్పు ఆవిడ ముసలితనం మీదికి పోతుంది. గుండు మళ్ళీ తన జేబులోకి వస్తుంది.

"పొరబాటు ఆవిడది కాదండీ" అన్నాడు వేంకటేశ్వర్లు. "అది వల గుండు. వాళ్ళబ్బాయిది. నేను యుద్ధం చెయ్యలేదు, గుమాస్తాని."

పోలమ్మ ఆయన వైపు తిరిగింది. "పంతులుగారంటే మీరేనా?"

తలూపాడు.

"ఉత్తరాల్లో రాసేవాడు. మీరొస్తారని చూశాను. రెండేళ్ళో మూడేళ్ళో చూశాను." తిట్టలేదు. గుండుని కొంగున ముడేసుకుంది. "మీతో ఆఖరికి ఏమన్నాడు?"

దేశం గురించి ఏదైనా చెప్పమన్నట్టు చూసింది జ్యోతిర్మయి.

"అన్నం ఇసుకలా ఉందన్నాడమ్మా."

"అంటాడు" అంది పోలమ్మ.

తిరుగు బస్సు సగం ఖాళీ. "సీట్లున్నాయి కదా బాబాయ్, కూర్చో" అన్నాడు కండక్టరు. వేంకటేశ్వర్లు చెయ్యి చొక్కా జేబు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. రెండు చేతులా కమ్మీ పట్టుకుని, గుడివాడ దాకా నిలబడే ఉన్నాడు.